బోర్డు మీద పేరు మారింది, చేతిలో పని మారిందా?

హైదరాబాద్‌లో 1991లో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 2014లో సైయెంట్ అయింది. తిరుపతి దగ్గర పుట్టి, బ్యాటరీ అంటే ఇదేనని పేరు తెచ్చుకున్న అమర రాజా బ్యాటరీస్ 2023లో తన పేరులోంచి ‘బ్యాటరీస్’ అన్న మాటే తీసేసి, అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అని రాసుకుంది. ఆ మరుసటి ఏడాది హైదరాబాద్ కంపెనీ హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్, హెచ్‌బీఎల్ ఇంజినీరింగ్‌గా మారింది. మూడూ తెలుగు నేల మీద పుట్టిన ఇంజినీరింగ్ కంపెనీలే. మొన్నటిదాకా అన్నం పెట్టిన పని ఒక్కటే తమ గుర్తింపు కాదని మూడూ చెప్పదలుచుకున్నాయి.

బోర్డు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. బోర్డు వెనక పని మార్చడానికే ఏళ్లు పడుతుంది. మార్చగలిగిన కంపెనీలు నిలబడ్డాయి, మార్చలేనివి బస్టాపుల పేర్లుగా మిగిలాయి. ఇది షేర్లు కొనేవాళ్లకు మాత్రమే పనికొచ్చే ముచ్చట కాదు. మన ఇళ్లల్లో ఒకరు లేత్ మీద పని చేస్తుంటారు, ఒకరు వెల్డింగ్ షాపు నడుపుతుంటారు, ఒకరు దమ్మామ్‌లో సైట్ మీద ఉంటారు, ఒక పిల్లాడు బీటెక్ రెండో సంవత్సరంలో ఉంటాడు. కంపెనీల పని మారితే ముందుగా కదిలేది ఈ నలుగురి రోజీయే. అందుకే మన ఊళ్లో ఏ కంపెనీ ఎలా మారింది, ఏది ఎందుకు మారలేకపోయింది అన్నది ఒకసారి నిదానంగా చూద్దాం.

అన్నీ చేసిన ఆల్విన్

మియాపూర్ దగ్గర ఆల్విన్ క్రాస్ రోడ్స్ దాటే పిల్లలకు ఆ పేరు ఎక్కడిదో తెలియకపోవచ్చు. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక ట్రస్ట్ ఫండ్, అల్లాద్దీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ అది. సనత్‌నగర్‌లో దాని ఫ్యాక్టరీ ఉండేది. ఉక్కు బీరువాలు, బస్సు బాడీలు, డబుల్ డెక్కర్లు, ఫ్రిజ్‌లు, పుష్పక్ స్కూటర్లు చేసింది. 1981లో జపాన్ సైకో సహకారంతో చేతి గడియారాలు మొదలుపెట్టింది. 80లలోనే నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తరం ఇళ్లల్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉంటే అదో హోదా.

ఇన్ని వస్తువులు మార్చిన కంపెనీ మార్పుకు భయపడిందని ఎవరూ అనలేరు. మరి ఎందుకు నిలవలేదు? ‘ఏ ఎండకు ఆ గొడుగు’ పట్టింది కానీ, ఏ ఒక్క పనిలోనూ ఇంకెవరూ అందుకోలేనంత లోతుకు దిగలేదు. గడియారం సాంకేతికత సైకోది, ట్రక్కు సాంకేతికత నిస్సాన్‌ది. లైసెన్సుల కాలంలో పోటీ తక్కువ, కొనేవాళ్లు క్యూ కట్టేవారు. మార్కెట్ తెరుచుకుని బయటి నుంచి మంచి ఫ్రిజ్‌లు దిగేసరికి, కొత్త మోడల్ తేవడానికి పెట్టుబడి కావాలి, నిర్ణయం తొందరగా కావాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా ఉన్న ఆల్విన్‌కు రెండూ కరువయ్యాయి. 90లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి, జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లిపోయాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కంపెనీ పోయింది కానీ జహీరాబాద్ ఫ్యాక్టరీ పోలేదు. నిస్సాన్ ట్రక్కుల కోసం కట్టిన ఆ చోటే మహీంద్రా ఆటోలకు, ట్రాక్టర్లకు కేంద్రమైంది. ఇప్పుడు అక్కడ ఎలక్ట్రిక్ ఆటోలు తయారవుతున్నాయి. 2023లో మరో 1,000 కోట్ల రూపాయలతో ఎలక్ట్రిక్ బండ్ల తయారీని పెంచుతామని మహీంద్రా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. చుట్టూ షెడ్డు, రోడ్డు, పని నేర్చిన మనుషులు ఉంటే యజమాని మారినా, బండి మారినా పని సాగుతుంది.

గడియారం ఆగిన చోటు

దీనికి పూర్తిగా ఎదురు కథ హెచ్‌ఎంటీది. పేరులోనే మెషిన్ టూల్స్ ఉన్న ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో గడియారాలు మొదలుపెట్టింది. పదో తరగతి పాసైతే హెచ్‌ఎంటీ, పెళ్లికి హెచ్‌ఎంటీ, రిటైర్మెంట్‌కూ హెచ్‌ఎంటీ. తాళం తిప్పే గడియారంలో దాన్ని కొట్టేవాళ్లు దేశంలో లేరు.

బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారం వచ్చినప్పుడు హెచ్‌ఎంటీ నిద్రపోలేదు. 80ల మొదట్లోనే తనూ ఒకటి తెచ్చింది. కాకపోతే అప్పటికే పేరు తెచ్చిన తాళం గడియారం మీదే దాని మనసు. 1984లో పుట్టిన టైటాన్‌కు కాపాడుకోవాల్సిన పాత పేరేమీ లేదు, నేరుగా క్వార్ట్జ్ మీదే పందెం కాసింది. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

కొత్త సాంకేతికత గురించి తెలియక మునిగిన కంపెనీలు తక్కువ. తెలిసీ, పాత సరుకు ఇంకా అమ్ముడుపోతోంది కదా అని వాయిదా వేసి మునిగినవే ఎక్కువ. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అన్న మాట కంపెనీలకు కూడా వర్తిస్తుంది.

మైక్రాన్‌ను పట్టుకున్నవాళ్లు

ఇక నిలబడ్డవాళ్ల దగ్గరికి వద్దాం. బాలానగర్ పారిశ్రామికవాడలో ఎంటార్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఉంది. 1970లో మొదలైంది. అణు విద్యుత్ రియాక్టర్లకు భాగాలు, తర్వాత ఇస్రో వికాస్ ఇంజిన్‌కు భాగాలు చేసింది. ఈ రెండు పనుల్లోనూ కొలత మైక్రాన్లలో ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. ఆ లెక్కన ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోండి.

అణు రియాక్టర్ల ఆర్డర్లు ఏటా రావు. ప్రభుత్వం కొత్త రియాక్టర్‌కు సరేనంటేనే పని. ఆ ఒక్కదాని మీదే కూర్చుంటే మెషీన్లు ఖాళీగా పడి ఉంటాయి. ఎంటార్ తన దగ్గర ఉన్నది రియాక్టర్ భాగాలు చేసే పని అనుకోలేదు, ‘తప్పు పడకుండా కోసే పని’ అనుకుంది. అమెరికాలో గ్యాస్ నుంచి ఫ్యూయెల్ సెల్స్‌తో కరెంట్ తయారుచేసే బ్లూమ్ ఎనర్జీకి హాట్ బాక్సులు చేసిపెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ దాని ఆదాయంలో పెద్ద వాటా ఆ పని నుంచే. 2021 మార్చిలో షేర్ మార్కెట్‌కూ వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకు విపరీతంగా కరెంట్ కావాల్సి రావడంతో బ్లూమ్ యంత్రాలకు గిరాకీ పెరిగింది. అంటే కృత్రిమ మేధ బాలానగర్‌కు వచ్చింది, అదీ లోహం కోసే పని రూపంలో!

ఇందులో ప్రమాదం లేదని కాదు. ఆదాయంలో పెద్ద భాగం ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే, అక్కడ తుమ్మితే ఇక్కడ జ్వరం వస్తుంది. ఒక వస్తువు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో, ఒక ఖాతాదారు మీద ఆధారపడటమూ అంతే.

కవచ్ వెనక ఎనిమిదేళ్లు

రెండో ఉదాహరణ రైల్వేది. రెండు రైళ్లు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఆపే కవచ్ గురించి ప్రమాదం జరిగినప్పుడల్లా టీవీల్లో వింటాం. దాన్ని తయారుచేయడానికి మొదట అనుమతి దొరికిన మూడు కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్‌వే. మేధా సర్వో డ్రైవ్స్ రైలు ఇంజిన్లకు ఎలక్ట్రానిక్స్ చేసే కంపెనీ. హెచ్‌బీఎల్ విమానాలకు, సబ్‌మెరైన్లకు బ్యాటరీలు చేసేది. కెర్నెక్స్ అంతకుముందే కొంకణ్ రైల్వే కోసం ఢీకొనకుండా ఆపే పరికరం మీద పనిచేసింది.

వీళ్లకు ఈ పని రాత్రికి రాత్రి దొరకలేదు. 2012లో రూపకల్పన మొదలైంది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు జరిగాయి. 2018–19లో మూడు కంపెనీలకు అనుమతి వచ్చింది. 2020 జులైలో దేశమంతటికీ ఇదే వ్యవస్థ అని నిర్ణయమైంది. దక్షిణ మధ్య రైల్వేలో మొదట 1,465 కిలోమీటర్ల మేర అమర్చారు. మొదలైన రోజు నుంచి జాతీయ నిర్ణయం దాకా ఎనిమిదేళ్లు. అన్నాళ్లూ జీతాలివ్వాలి, పరీక్ష తప్పితే మళ్లీ మొదలుపెట్టాలి, ఆర్డర్ వస్తుందో రాదో తెలియదు. బ్యాటరీ వ్యాపారం బాగున్నప్పుడే హెచ్‌బీఎల్ రైల్వే ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంది కాబట్టి ఈ నిరీక్షణ సాధ్యమైంది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవడం అంటే ఇదే.

అమర రాజా ఇప్పుడు ఆ దారిలోనే అడుగు వేసింది. 1985 నుంచి సీసం–యాసిడ్ బ్యాటరీలు దాని బతుకు. ఎలక్ట్రిక్ బండ్లకు కావాల్సినవి లిథియం బ్యాటరీలు. పాత ఫ్యాక్టరీకి రెండు మెషీన్లు చేర్చితే వచ్చే పని కాదిది. రసాయనం వేరు, దుమ్ము రేణువు కూడా పడకూడని గదులు కావాలి. అందుకే పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు పెడతామని 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఫ్యాక్టరీ పనులు మొదలుపెట్టింది. పాత బ్యాటరీ లాభం కొత్త బ్యాటరీకి పెట్టుబడి అవుతోంది. గెలుస్తుందో లేదో కాలమే చెప్పాలి, ఎందుకంటే చైనా ధరతో పోటీపడటం చిన్న సంగతి కాదు. హెచ్‌ఎంటీ చేసిన తప్పు మాత్రం ఇక్కడ జరగలేదు.

గీతలు గీసే పని

సైయెంట్ కథ కంప్యూటర్ చదువుల పిల్లలకు దగ్గరిది. కాగితం మీద ఉన్న మ్యాపులను, డ్రాయింగులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం దాని మొదటి పనుల్లో ఒకటి. అక్కడి నుంచి విమాన ఇంజిన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీకి డిజైన్ పనులు చేసే స్థాయికి చేరింది. తర్వాత ఎలక్ట్రానిక్స్ తయారీలోకి దిగింది. ఆ విభాగం సైయెంట్ డీఎల్‌ఎం పేరుతో 2023లో విడిగా షేర్ మార్కెట్‌కు వచ్చింది.

మొదట్లో చేసిన గీతలు ఎక్కించే పనిలో చాలా భాగం ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. ఆ కంపెనీ అక్కడే ఆగి ఉంటే ఈరోజు ఉండేది కాదు. కృత్రిమ మేధ వచ్చాక ఈ ప్రశ్న మొత్తం ఐటీ రంగానికి పాకింది. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు ఎన్నో ఇళ్లల్లో కలవరం మొదలైంది. గీత గీయడం, చెప్పిన కోడ్ రాయడం ఇక చవక పనులు. గీసిన గీత ప్రకారం చేస్తే ఆ భాగం వేడికి పగులుతుందా లేదా అని చెప్పగలగడం ఇంకా ఖరీదైన పనే. అది మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ మూలాలు గట్టిగా ఉన్నవాళ్లకే వస్తుంది. మన కాలేజీలేమో ఆ బ్రాంచీల సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటూ పోతున్నాయి!

మరి చిన్న షెడ్డు సంగతి?

ఇక్కడిదాకా చెప్పినవి పెద్ద కంపెనీలు. వాటికి బ్యాంకులున్నాయి, షేర్ మార్కెట్ ఉంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో, విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు లేత్‌లతో బతికే షెడ్డుకు ఏముంది? పెద్ద కంపెనీ మైక్రాన్ అడిగితే, ఆ భాగం చేసే చిన్న షెడ్డూ మైక్రాన్ ఇవ్వాల్సిందే. చేతి లేత్ మీద ఉస్తాద్ ఎంత నిపుణుడైనా వెయ్యో ముక్క మొదటి ముక్కలాగే ఉండాలంటే కష్టం. సీఎన్‌సీ మెషీన్ కావాలి, కొలిచే పరికరం కావాలి, కొలిచినట్టు రాసి ఉంచిన రికార్డు కావాలి. పని పోవడం చాలాసార్లు ఆ రికార్డు దగ్గరే మొదలవుతుంది.

మెషీన్‌కు డబ్బెక్కడిది? ముందుగా, రావాల్సిన డబ్బు రావాలి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యం చేస్తే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కల్లో చూపించుకోవడానికి వీల్లేదని 2024 నుంచి నియమం అమల్లోకి వచ్చింది. కట్టకపోతే ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం, ఏజెంటుకు డబ్బు ఇవ్వాల్సిన అవసరం లేదు. జుబానీ మాట మీద, చీటీ మీద సాగే పనికి ఈ రక్షణ దొరకదు.

వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లకు ఈ దారి ఇంకొంచెం ఇరుకు. అలాంటివాళ్లకు లాభనష్టాలు పంచుకునే షరాకత్ పాత పద్ధతే. మూడు షెడ్లు కలిసి ఒక సీఎన్‌సీ కొనడం, లేదా మెషీన్ ఉన్నవాళ్ల దగ్గర గంటల లెక్కన పని చేయించుకోవడం జరిగే పనులే. దీనికి కావాల్సినవి రాసుకున్న ఒప్పందం, ఎవరి వాటా ఎంతో తేలే ఖాతా పుస్తకం. నమ్మకం ఉంది కదా అని రాసుకోకపోవడం వల్లే అన్నదమ్ముల షెడ్లు కూడా విడిపోతుంటాయి.

మెకానిక్ షెడ్డు ముందు నిలిచిన ప్రశ్న

మన బస్తీల్లో ఎక్కువమందిని తాకేది ఎలక్ట్రిక్ బండి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. ఈ మినహాయింపు 2026 డిసెంబరు దాకా ఉంటుందని చెప్పింది. ఎలక్ట్రిక్ ఆటోలో పిస్టన్ లేదు, క్లచ్ ప్లేట్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, సైలెన్సర్ లేదు, ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు. ఇంజిన్ విప్పడం మీదే బతికే మెకానిక్‌కు ఇది నేరుగా తగిలే దెబ్బ. ఆ ఇంజిన్లకు భాగాలు చేసే షెడ్డుకూ అంతే.

కానీ అదే బండిలో బ్రేకు ఉంది, సస్పెన్షన్ ఉంది, టైరు ఉంది, బాడీ ఉంది. కొత్తగా మోటార్, కంట్రోలర్, వైరింగ్, బ్యాటరీ ప్యాక్ వచ్చాయి. ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసే కుర్రాడు మిగతావాళ్లకంటే ఒక అడుగు ముందున్నాడు. ఇంజిన్ మెకానిక్ మల్టీమీటర్ పట్టుకోవడం నేర్చుకోవాలి. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో 300 వోల్టుల పైన ఉంటుంది కాబట్టి శిక్షణ లేకుండా చెయ్యి పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పెట్రోలు బండ్లు రేపే మాయమైపోవు. ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. ఆ ఏళ్లనే హెచ్‌బీఎల్ వాడుకున్నట్టు వాడుకోవాలి. హెచ్‌ఎంటీలాగా పోగొట్టుకోవద్దు.

గల్ఫ్ లెక్క కూడా మారుతోంది. సౌదీ అరేబియా ప్రైవేటు ఇంజినీరింగ్ ఉద్యోగాల్లో 2021లో 20 శాతం, 2024 జులైలో 25 శాతం స్థానికులకు కేటాయించింది. వెల్డర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పాసైతేనే వీసా అంటోంది. ‘మామూ అక్కడున్నాడు, చూసుకుంటాడు’ అన్న ధైర్యం ఒక్కటే ఇప్పుడు చాలదు. చేతిలో పని ఉందని కాగితం మీద చూపించాలి.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

ఈ కథలన్నీ కలిపి చూస్తే ఒక్క సంగతి తేలుతుంది. తాము చేసే వస్తువే తామనుకున్న కంపెనీలు ఆ వస్తువుతో పాటే పోయాయి. ఒక హునర్‌ను లోతుగా పట్టుకుని, దాన్ని కొత్త వస్తువుకు వాడినవి నిలిచాయి. హునర్ లేకుండా వస్తువులు మాత్రం మార్చుకుంటూ పోయినవీ నిలవలేదు. ఒక మనిషికైనా ఇదే వర్తిస్తుంది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కంపెనీ మారినప్పుడు లాభం ముందు యజమానికి వెళ్తుంది, నష్టం ముందు కార్మికుడికి వస్తుంది. ఆల్విన్ ఆస్తులకు కొత్త యజమానులు దొరికారు. నలభై అయిదేళ్ల వయసులో ఉద్యోగం పోయిన ఫిట్టర్‌కు కొత్త పని అంత తేలిగ్గా దొరకదు. కాబట్టి కొత్త ఫ్యాక్టరీలకు భూమి, రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు పాత కార్మికుల పునఃశిక్షణకు ఎంత ఖర్చు పెట్టిస్తున్నాయని అడగడం తప్పు కాదు. అడగాల్సిందే.

ప్రభుత్వం చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలోనే శంకుస్థాపన జరిగింది. మల్లేపల్లి మనకు దూరమేమీ కాదు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ పదో తరగతి తర్వాత టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా ఇస్తుంది. ఐటీఐ అంటే చదువు రానివాళ్ల చోటు అన్న చిన్నచూపు మన బంధువుల్లో ఇంకా ఉంది. అప్పు చేసి మూడో రకం కాలేజీలో బీటెక్ చదివి ఖాళీగా ఉన్న పిల్లాడికంటే, సీఎన్‌సీ ప్రోగ్రాం రాయగలిగిన ఐటీఐ పిల్లాడిని బాలానగర్ ముందు పిలుస్తుంది. ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది. కొలతలు చూసే పనికి, కంప్యూటర్‌లో డిజైన్ గీసే పనికి కావాల్సింది ఓపిక, లెక్క.

అందుకని ఈసారి కౌన్సెలింగ్‌కు వెళ్లేముందు ఇంట్లో ఏ బ్రాంచ్, ఏ కాలేజీ అన్న ప్రశ్నలతో పాటు ఇంకో మూడు వేసుకోండి. ఈ చదువులో చేతితో ఏం నేర్చుకుంటాడు? అది రెండు మూడు రకాల పరిశ్రమలకు పనికొస్తుందా? చదువుతుండగా ఏదైనా కంపెనీలో అప్రెంటిస్‌గా చేరే వీలుందా? ఇప్పటికే పనిలో ఉన్న అన్నయ్యనూ, షెడ్డు నడిపే చాచానూ ఒక మాట అడగండి, గత మూడేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నారని. జవాబు వెంటనే రాకపోతే నిందించకండి. సాయంత్రం క్లాసు ఎక్కడుందో కనుక్కుని, ఫీజు మీరే కట్టండి.